స్మార్ట్ బోర్డు మీద పెన్నా నది

బి.ఎడ్. చదువుతూ జమ్మలమడుగులోని ఒక బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన రోజులవి. ఆ రోజు నా పాఠం చూసి మార్కులు వేయడానికి మా లెక్చరర్ గారు ప్రొద్దుటూరు నుంచి వస్తున్నారు. ఆరో తరగతికి బొమ్మల పాఠం. కొత్త స్మార్ట్ బోర్డు మీద వేలితో గండికోట లోయ, అందులో పెన్నా నది గీసి, "నదికి రంగు ఎవరు వేస్తారు?" అని అడిగాను. షాహీన్ అనే పిల్ల చెయ్యెత్తింది. రమ్మని చెప్పి, వెనక బెంచీల వైపు వెళ్లాను.

క్లాసంతా గొల్లున నవ్వితే తిరిగి చూశాను. షాహీన్ తన నీళ్ల రంగుల డబ్బా పట్టుకుని, బోర్డుకు కుంచెతో నిజంగానే నీలం పూస్తోంది! రంగు ధారలుగా కిందికి కారుతోంది. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు, మా లెక్చరర్ గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏం చేస్తాండావమ్మీ? బోర్డు చెడిపోతే యెట్ల?" అని హెడ్మాస్టరు గారు కేకేశారు.

"మేడమే గదా సార్ రంగేయమనింది!" అంది షాహీన్ బిక్కమొహంతో.

"అవును సార్, వేలితో వేయాలని నేనే చెప్పలేదు" అంటూ బోర్డు ఆపేసి, నా చున్నీతోనే తుడిచాను. మళ్లీ స్విచ్ వేస్తే బోర్డు వెలిగింది. ఊపిరి పీల్చుకునేలోపే షాహీన్ ఏడుపు గొంతుతో, "నా నదంతా తుడిచేస్తిరే మేడం!" అంది. హెడ్మాస్టరు గారితో సహా అందరూ నవ్వేశారు. మా లెక్చరర్ గారు ఆ పిల్లకో డ్రాయింగ్ కాగితం ఇచ్చి, "పాఠం కానివ్వమ్మా" అన్నారు నాతో.

ఇప్పుడు పులివెందులలో టీచర్‌ని. బోర్డు దగ్గరికి పిలిచే ముందు పిల్లల చేతుల్లో ఏముందో చూస్తాను. కానీ షాహీన్ కలిపిన ఆ నీలం మాత్రం ఏ స్మార్ట్ బోర్డులోనూ నాకింతవరకు దొరకలేదు.