కుడి భుజం మీది సైకిల్

ఈ రోజు యూనివర్సిటీలో క్లాసులయ్యాక, మాసన్ లేక్స్‌లో నేను పార్ట్‌టైమ్ చేసే సైకిల్ షాపుకి మా చర్చి ప్రసాద్ అంకుల్ వచ్చారు. కూతురు బురద దారుల్లో జరిగే రేసుల కోసం తెప్పించుకున్న కొత్త కార్బన్ ఫ్రేముకి చక్రాలు బిగించాలట.

"బురదలో తొక్కేదానికి మడ్‌గార్డ్ పెట్టే చోటే లేదు. పై గొట్టం కూడా అడుగున చదునుగా ఉంది. డిఫెక్టా బాబూ?"

"కాదంకుల్. మడ్‌గార్డుంటే బురద ఇరుక్కుంటుంది. తొక్కలేని చోట దిగి, కుడి భుజాన వేసుకుని పరుగెత్తాలి. గుచ్చుకోకుండా అలా చదును చేస్తారు."

పోయినేడు రేసులో పడి ఆ అమ్మాయికి విరిగింది కుడి భుజమే.

"ఎడమ వైపు మోయకూడదా?"

"గొలుసు ఒంటికి తగులుతుందంకుల్."

ఆయన ఫ్రేముని తన కుడి భుజానికెత్తుకుని షాపు చివరిదాకా నడిచి వచ్చారు.

"బరువేం లేదులే. బిగించెయ్" అన్నారు మెల్లగా.

ప్రతి బోల్టునూ రెండుసార్లు సరిచూశాను. మీరైనా అంతే చేసేవారు కదా?