ఎడమచేయి పైకెత్తమన్న ఉస్తాద్

నేను మొదటిసారి తుపాకీ కాల్చిన రోజున నా టార్గెట్ మీద ఒక్క రంధ్రం కూడా పడలేదు. పక్కన పడుకుని కాల్చినవాడికి ఇచ్చింది ఐదు గుండ్లే, అతని టార్గెట్ మీద మాత్రం తొమ్మిది రంధ్రాలు తేలాయి. వరుసలో ఉన్న ముప్పైమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనివాడు ఉరుకుందప్ప ఒక్కడే. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, నావి నాలుగు గుండ్లూ ఒకేచోట పడ్డాయని, రేపటినుంచి ముందు నా టార్గెట్ ఏదో చూసుకుని తర్వాత కాల్చమని, నాకు మాత్రమే వినబడేలా చెప్పి లేచిపోయాడు.

తుపాకీ నేర్పేవాణ్ణి మా పోలీసుల్లో ఉస్తాద్ అంటారు. ఇరవై రెండేళ్లు మాకు ఉస్తాద్ ఆయనే. సొంత ఊరు బళ్లారి దగ్గర రూపనగుడి. తండ్రి మారన్న కూలిపని చేసేవాడు. పదేళ్ల వయసులో ఉరుకుందప్పను పరాయివాళ్ల జొన్నచేలో మంచె ఎక్కించి, చేతికి వడిసెల ఇచ్చి పిట్టలు తోలమన్నారట. పిట్టకు తగలకుండా, అది వాలిన కంకికీ తగలకుండా, రెండింటి మధ్యనుంచి రాయి పోయేట్టు విసరడం అక్కడే నేర్చుకున్నానని చెప్పేవాడు. పోలీసు ఉద్యోగం వచ్చాక ఇంట్లో తెలుగు, కవాతులో కన్నడం, కోపం వస్తే ఉర్దూ. ఆ ఉర్దూ నేను రెండుసార్లే విన్నాను. రెండుసార్లూ నన్నే.

ఆయనకు ఎడమకాలు కాస్త ఈడ్చే అలవాటుంది. ఉస్తాద్ అయిన మొదటి ఏడాదిలో ఒక కొత్త కానిస్టేబుల్ తుపాకీ పట్టేసింది. గుండు బయటికి రాలేదు, ట్రిగ్గర్ కదల్లేదు. ఆ పిల్లవాడు భయపడి, ‘ఏమైంది సార్’ అంటూ తుపాకీతో సహా వెనక్కి తిరిగాడు. అప్పుడు పేలింది. ఉరుకుందప్ప రెండు కాలివేళ్లు పోయాయి. ఇంకో మూడడుగులు పైకైతే ఏం పోయేదో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

అందుకే ఆయన రేంజ్‌లో, అంటే మేము కాల్పులు నేర్చుకునే మైదానంలో, ఒక నియమం దేవుడి మాటలా నడిచేది. తుపాకీ పట్టేస్తే దాని మూతి టార్గెట్ల వెనకున్న మట్టిగోడ వైపో నేల వైపో ఉంచాలి. ట్రిగ్గర్ మీంచి వేలు తీయాలి. ఎడమచేయి పైకెత్తి, కదలకుండా నిలబడాలి. మిగతాది ఉస్తాద్ వచ్చి చూసుకుంటాడు. ఈ నియమం పుస్తకంలోనూ ఉంది. కానీ పుస్తకాన్ని మా ఒంట్లోకి ఎక్కించింది ఆయనే. నిద్రలో లేపినా ఎడమచేయి లేచేలా నేర్పాడు. ఇరవై రెండేళ్లలో మళ్లీ ఆ రేంజ్‌లో ఎవరికీ గీత కూడా పడలేదు. రిటైరు కావడానికి ఎనిమిది నెలలుందనగా, ఆ సేవకు ఆయన పేరు మెడల్‌కు రాసి పంపారు.

ఆ రోజుల్లోనే సండూరు దారిలో చంద్రిక సంగతి జరిగింది.

చంద్రిక ఆయన దగ్గర నేర్చుకున్న కానిస్టేబుల్. నాలుగేళ్ల సర్వీసు. గొలుసులు తెంపే దొంగ ఒకడు లారీల షెడ్డులో దాక్కున్నాడని తెలిసి, ఒక పొద్దున ఆమె, హెడ్ కానిస్టేబుల్ భీమేష్, ఇంకో ఇద్దరు వెళ్లారు. పిస్తోలు చంద్రిక చేతిలో ఉంది. దొంగ వేటకొడవలితో బయటికి ఉరికాడు. ఆమె ఒకసారి గాల్లోకి కాల్చింది. వాడు ఆగలేదు. రెండోసారి వాడి కాలికి గురిపెట్టి నొక్కితే పిస్తోలు పట్టేసింది. మొదటి గుండు తాలూకు ఖాళీ గొట్టం బయటపడక అడ్డంగా ఇరుక్కుంది.

చంద్రిక పిస్తోలు మూతి నేల వైపు దించింది. ఎడమచేయి పైకెత్తింది. కదలకుండా నిలబడింది.

భీమేష్ ఆమెను పక్కకు నెట్టి అడ్డం పడ్డాడు. కొడవలి అతని భుజంలో దిగింది. మిగతా ఇద్దరూ లాఠీలతో దొంగను పడగొట్టారు. భీమేష్ బతికాడు, భుజానికి పద్దెనిమిది కుట్లు పడ్డాయి.

ఇదంతా ఒక లారీ క్లీనర్ ఫోనులో తీశాడు. సాయంత్రానికి బళ్లారిలో చూడనివాడు లేడు. దొంగ ముందు చేయెత్తి నిలబడిన పోలీసమ్మ అని టీ కొట్ల దగ్గర నవ్వుకున్నారు. మావాళ్లు నవ్వలేదు, అంతకంటే చెడ్డపని చేశారు, ఆమెతో మాట్లాడటం మానేశారు. విచారణ వేశారు. పిరికితనం అని తేలితే ఆమెకు మళ్లీ ఆయుధం ఇవ్వరు. ఆ మాట సర్వీసు పుస్తకంలో ఎక్కితే ఇంకో ముప్పై ఏళ్లు ఆమె వెంటే నడుస్తుంది.

ఆ వీడియో ఉరుకుందప్పకు చూపించింది నేనే. కంటోన్మెంట్‌లో టీ తాగుతూ, చూడు ఉస్తాద్, నీ శిష్యురాలు ఏం చేసిందో అని తగుదునమ్మా అంటూ ఫోను చేతిలో పెట్టాను. ఆ మాటకు ఇప్పటికీ నాకు సిగ్గే. ఆయన ఒకసారి చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి ఆమె చేయెత్తిన చోట ఆపమన్నాడు. టీ మీద మీగడ కట్టింది.

“ఆ పాప భయపడల్యాదప్పా,” అన్నాడు. “వేలు చూడు, ట్రిగ్గర్ మీద ల్యాదు. మూతి చూడు, కిందికుండాది. అంతా నేను చెప్పినట్లే చేసిండాది. నన్ను పిలుస్తాండాది.”

అలవాటు కొద్దీ, అది నీ ఊహ ఉస్తాద్ అన్నాను. ఊహో కాదో చూద్దామని ఆయన లేచిపోయాడు.

తర్వాతి సోమవారం ప్రాక్టీసుకు పన్నెండుమందిమి వెళ్లాం. రోజూలా నింపాదిగా పడుకోబెట్టి కాల్పించలేదు. మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తించాడు. ఆయాసంతో రొప్పుతుండగానే చేతికి పిస్తోలిచ్చాడు. వెనక ఇద్దరు రేకు డబ్బాలు కర్రలతో బాదుతున్నారు. ఇంకొకడు చెవి దగ్గర కాల్చు, కాల్చు అని అరుస్తున్నాడు. మాకు చెప్పకుండా ప్రతి మ్యాగజైన్‌లో మూడో గుండు బదులు డమ్మీ పెట్టాడు, మందు లేని ఉత్త గుండన్నమాట. రెండు పేలాయి, మూడోది టిక్కుమంది.

పన్నెండుమందిలో తొమ్మిదిమందిమి చేయెత్తాం. నేనైతే చేయెత్తడమే కాకుండా, ‘ఉస్తాద్’ అని కేక కూడా వేశాను. మిగతా ముగ్గురూ మాకంటే మేలేమీ కాదు, ట్రిగ్గర్ అలా నొక్కుతూనే ఉన్నారు.

డబ్బాల మోత ఆగింది. ఉరుకుందప్ప ఇసుక మూటల మీద కూర్చున్నాడు. నేను నవ్వించబోయాను గానీ ఆయన ముఖం చూసి మానుకున్నాను. ముగ్గురు తప్ప అందరూ చచ్చినారప్పా, ఆ ముగ్గురు కూడా రెండు నిమిషాలు ఆలస్యంగా చచ్చినారు అన్నాడు.

ఆ సాయంత్రమే చంద్రిక ఇంటికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమనడానికి కూడా భయపడుతున్నట్టుంది. పదిరోజుల్లో సగమైంది. భీమేష్‌ను చూడటానికి ఆసుపత్రికి వెళ్తే అతని భార్య లోపలికి రానివ్వలేదట. ఉరుకుందప్ప తాను చూసింది చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“అందరూ భయపడిన్యావంటాండారు ఉస్తాద్. నాకేమీ గ్యాపకం ల్యాదు. భయపడిన్యానేమో.”

“భయం అందరికీ ఉంటాది. భయమైనప్పుడు మనిషి నేర్చుకున్నదే చేస్తాడు. నువ్వు నేర్చుకున్నదే చేసినావు. నేర్పినోడు నేను.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అయితే భీమన్న భుజం ఎవరి మీద రాయాలి ఉస్తాద్ అని అడిగింది. నా మీద రాయాల అన్నాడాయన.

ఉరుకుందప్ప విచారణలో వాంగ్మూలం ఇవ్వబోతున్నాడని తెలిసి పెద్దవాళ్లు నచ్చజెప్పారు. పుస్తకంలో ఉన్నదే నేర్పావు, నిన్నెవరూ అడగలేదు, మెడల్ కాగితం పైకి పోయింది, ఎనిమిది నెలలు గమ్మునుండు అన్నారు. భార్య శరణమ్మ మాత్రం విచారణ రోజు పొద్దున ఇస్త్రీ యూనిఫాం మంచం మీద పెట్టి, ఆ పాపకు మన బిడ్డ వయసే కదా అన్నదట. ఆమె చెప్పకపోయినా వెళ్లేవాడినే గాని, చెప్పినందుకు కాలు కాస్త తేలికైందని నాతో అన్నాడు.

విచారణకు వేరే జిల్లానుంచి ఒక డీఎస్పీ వచ్చాడు. నెమ్మదైన మనిషి. నేను రైటర్ని, వాంగ్మూలం టైపు చేసేది నేనే. ఉరుకుందప్ప నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. చంద్రిక తప్పు చేయలేదని, శిక్షణలో అలవాటైన పనే ఆమె చేతులు చేశాయని, సోమవారం పరీక్షలో తొమ్మిదిమందీ అదే చేశారని, ఆ తొమ్మిదిమంది పేర్లూ ఇస్తానని చెప్పాడు. అందులో నా పేరూ నేనే టైపు చేయాలి.

డీఎస్పీ ఆపాడు. ఇది రాస్తే ఆమె బయటపడుతుంది, తప్పు మీ మీదకు వస్తుంది, ఆలోచించుకోండి అని కన్నడంలో మర్యాదగానే చెప్పాడు. ఉస్తాద్‌కు ఇంకాస్త ఆలోచించే సమయం దొరకాలని నాకు అనిపించింది. వెంటనే, కరెంటు పోయింది సార్, కంప్యూటర్ ఆగింది అన్నాను. డీఎస్పీ తలెత్తి, నా నెత్తిన గిర్రున తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను ఉన్న మీటలన్నీ నొక్కుతూ కూర్చున్నాను.

ఉరుకుందప్ప కూడా ఫ్యాను చూశాడు.

“రాయప్పా, కరెంటుండాది,” అన్నాడు. తర్వాత డీఎస్పీ వైపు తిరిగాడు. “సార్, ఆ నియమం తప్పు కాదు. కొత్తోడికి మొదటిరోజు అదే చెప్పాల. రెండోరోజు నుంచి తుపాకీ పట్టేస్తే వాడే బాగుచేసుకునేది నేర్పాల. నేను ఇరవై రెండేండ్లు మొదటిరోజు పాఠమే చెప్పినా. రేంజ్‌లో ఎవరికీ దెబ్బ తగలకుంటే చాలనుకున్నా. బయట దొంగోని ముందర ఉస్తాద్ ఉండడని నాకు తట్టల్యాదు.”

ఆ వాక్యాలు టైపు చేస్తున్నప్పుడు నా వేళ్లు రెండుచోట్ల తప్పాయి. దిద్దుకున్నాను.

రెండు నెలలకు ఉత్తర్వులు వచ్చాయి. చంద్రిక మీద ఏ తప్పూ లేదన్నారు, కాని మళ్లీ ఆయుధం చేతికివ్వాలంటే కొత్తగా శిక్షణ పూర్తి చేయాలన్నారు. పట్టేసిన తుపాకీని ఎవరికి వారే సరిచేసుకోవడం ఇకమీదట అందరికీ నేర్పాలన్నారు. ఉరుకుందప్ప మెడల్ కాగితం వెనక్కి వచ్చింది. రేంజ్ బాధ్యత హర్ష అనే కుర్ర ఎస్సైకి ఇచ్చారు. భీమేష్ భుజం మానింది గాని చేయి తలపైకి లేవదు. ఉత్తర్వుల కాగితం తీసుకుని అతని ఇంటికి ఉరుకుందప్ప వెళ్లాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో వీధిలో ఆగిన నాకు తెలియదు, బయటికి రావడానికి గంట పట్టింది.

హర్ష మంచివాడు. రేంజ్ తాళాలు తీసుకునే ముందు, చంద్రికకు ఒక పొద్దు మీరే నేర్పండి సార్ అన్నాడు.

మొదటిసారి డమ్మీ టిక్కుమనగానే ఆమె ఎడమచేయి లేచింది. రెండోసారీ లేచింది. మ్యాగజైను అడుగున అరచేత్తో ఒక్కటి చరిచి, పిస్తోలు పైనుండే స్లైడు వెనక్కి లాగి వదిలి, మళ్లీ కాల్చాలి. చెప్పడానికి ఒక్క ఊపిరి పని. ఆమె ఒంటికి అది పట్టలేదు. పదోసారికి చేయి భుజం దాకా లేచి ఆగింది. ఎండెక్కింది. ప్రతిసారీ చేయి లేచినప్పుడు ఉరుకుందప్ప కాళ్లు కూడా అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు పడి, మళ్లీ వెనక్కి పోయేవి. ఆ సంగతి ఆయనే గమనించుకున్నాడు. హర్షను తన చోట నిలబెట్టి, తాను కాల్చేచోటుకు అడ్డంగా కట్టిన తాడు ఇవతలికి, నా పక్కకు వచ్చాడు. కొంతసేపు చూసి, డమ్మీల డబ్బా నా చేతిలో పెట్టి, కాలీడుస్తూ గేటు వైపు వెళ్లిపోయాడు.

ఇరవయ్యో ఇరవై ఒకటోసారో, టిక్కుమన్న చప్పుడు వెంటనే చరిచిన చప్పుడు, లాగిన చప్పుడు, పేలిన చప్పుడు వరుసగా వినిపించాయి. మళ్లీ పెట్టాం. మళ్లీ చేసింది. ఆరుసార్లు తప్పకుండా చేశాక చంద్రిక పిస్తోలు ఖాళీచేసి బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకుంటూ వెనక్కి చూసింది.

“ఉస్తాద్ యాడప్పా?” అంది.

పోయి చానాసేపైందని చెప్పాను. ఆమె గేటు వైపు ఒకసారి చూసి, ఇంకో మ్యాగజైను నింపమని నాకే చెప్పి, టార్గెట్ వైపు తిరిగింది.