పెద్దత్త చెప్పిన పేరు

ఈ నవంబరులో బరంపురంలో మా మనవరాలి బడిలో రాజ్యాంగ దినోత్సవమని పిల్లలందరిచేతా ప్రవేశిక చదివించారు. చదివింది ఒడియాలోనే అయినా, నాకు మాత్రం మా నాన్న అక్క, పెద్దత్త, గుర్తొచ్చింది. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. తాతయ్య రైల్వే గుమాస్తా. మంచివాడే కానీ నలుగురూ ఏమనుకుంటారోనని భయం. వెనకగదిలో మంచం వేయించి, ఇక్కడ నీకేం లోటన్నాడట. పొద్దున్న పెరట్లో నూతిదాకా, తరవాత పొయ్యిదాకా, అంతే ఆవిడ ఊరు. వీధిలోకి వస్తే శుభకార్యాలకు వెళ్లేవాళ్లకు ఎదురవుతుందని. ఇంట్లో అందరూ 'ఏమే' అనేవారు. పిలిచేవాళ్లు లేక తన పేరు తనకే కొత్తగా ఉండేదని నవ్వుతూ చెప్పేది.

ఢిల్లీలో రాజ్యాంగం రాస్తూ ఒక్కొక్క మాట మీదా వాదించుకుంటూ ఉండగానే, ఇక్కడ ఓటుకు పేర్లు రాసుకోవడం మొదలైందట. మా ఇంటికి ఒక ఒడియా మేష్టారు వచ్చాడు. తాతయ్య మగవాళ్ల పేర్లన్నీ చెప్పి, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి 'నా భార్య, నా కూతురు' అని ఊరుకున్నాడు. అలా రాస్తే కొట్టేస్తారు, సొంత పేరు కావాలని మేష్టారు బతిమాలాడు.

"పరాయి మగాడికి మా ఆడోల్ల పేర్లు సెప్పడవేటి? ఎల్లండి" అని తాతయ్య లేచాడు.

వెనకగది తలుపు సందులోంచి పెద్దత్త తన పేరు చెప్పింది. మేష్టారికి వినబడలేదు. మళ్లీ చెప్పింది, ఈసారి ఇంటిపేరుతో సహా.

తాతయ్య చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఒకనాడు, ఢిల్లీలో సభ రాజ్యాంగాన్ని ఆమోదించిందని పక్కింటి రేడియోలో విని లోపలికొచ్చి, వయసొచ్చిన అందరికీ ఓటేనట అని గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"నాక్కూడానా, నాన్నా?"

"అందరికీ అంటే ఏటి మరి?"

"అయితే ఓటేసే రోజు ఈదిగుమ్మం దాటతాను. ఎవులు ఎదురొచ్చినా సరే."

దాటింది. ఎవరికీ ఎదురుకాకుండా తాతయ్య ముందు నడిచి సందులన్నీ తిప్పి తీసుకెళ్లాడు. ఓటేసి వచ్చి మళ్లీ ఆ గదిలోకే వెళ్లింది. తరవాతి ఎన్నికలదాకా వీధి మొహం చూడలేదు. "దేశానికి నాతో పనుంటేనే నాకు బయటి గాలి" అని నాతో అనేది. నా పెళ్లికి ముందే, ఆ గదిలోనే పోయింది.

రాజ్యాంగం దేశమంతటా ఒక్క రోజున అమల్లోకి వచ్చింది. మా ఇంటి వెనకగదిదాకా వచ్చేలోపు ఒక మనిషి జీవితమే అయిపోయింది.