గిన్నెలో తగ్గిన పది గ్రాములు

దుకాణాల్లో తూకపు యంత్రాలు బాగుచేసే ఆయన్ని అందరూ కాటాలాయన అనేవారు. యాభై ఎనిమిదేళ్ల బ్రహ్మచారి. కిలో రాయి పెడితే అంకె రెండు గ్రాములు అటూ ఇటూ అయినా సరే, దాన్ని సరిచేసేదాకా కాఫీ కూడా ముట్టడు. మనుషుల మాట మీద ఆయనకి పెద్ద గురి లేదు. ఇంట్లో ఉన్న తోడల్లా మిరియం అనే పదకొండేళ్ల నల్లపిల్లి. సాయంత్రం తాళం తిప్పిన చప్పుడుకి గుమ్మం దాకా ఎదురొచ్చే ప్రాణి ఆయనకి లోకంలో అదొక్కటే.

"ఆ చవకరకం రంగు బిస్కెట్లు మానిపించండి. ఇది నీళ్లు సరిగా తాగట్లేదు, మంచి మాంసం ఉన్న తడి తిండి పెట్టండి. కానీ ఒక్కసారిగా వద్దు. పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ పది రోజుల్లో మార్చండి" అని పశువుల డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

ఆ 'కొంచెం' దగ్గరే మనవాడికి ఒళ్లు మండింది. కొంచెం అనేది ఒక తూకమా? కాటా తప్పయితే తప్పు, ఒప్పయితే ఒప్పు. విడతలవారీగా ఒప్పు చేయడం ఆయన పనిలో ఎప్పుడూ లేదు. ఇంటికి రాగానే బిస్కెట్ల సంచీ చెత్తబండిలో పడేసి, ఖరీదైన డబ్బా విప్పి, గిన్నెలో సరిగ్గా ఎనభై గ్రాములు తూచి పెట్టాడు.

మిరియం వాసన చూసింది. పక్కన నేలను కాలితో రెండుసార్లు గీరి వెళ్లిపోయింది.

"ఆకలి రుచెరుగదులే" అనుకున్నాడాయన. ఆ సామెత పిల్లులు కట్టింది కాదయ్యా అని చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటేగా.

పొద్దున్నే గిన్నె కాటా మీద పెడితే డెబ్భై చూపించింది. పది గ్రాములు తగ్గాయంటే తిన్నట్టే. మళ్లీ తాజాగా ఎనభై వేశాడు. సాయంత్రానికి డెబ్భై ఒకటి. ఫరవాలేదు, దారికొస్తోందనుకున్నాడు. మూడోరోజు తలుపు తీస్తే మిరియం ఎదురు రాలేదు. మంచం కింద ముడుచుకుని పడుంది. గబగబా గిన్నె తూచాడు. తగ్గింది. తింటూనే ఉందిగా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. మంచం కింద నుంచి పిల్లిని ఎత్తుకోగానే ఆమె మొహం మారిపోయింది.

"ఒరేయ్, ఇది తిండి తిని ఎన్నాళ్లయిందిరా?"

"రోజుకి ఇరవై గ్రాములు తింటోందక్కా. నేను తూస్తున్నాను."

అక్క గిన్నె తీసుకుని ఆయన ముక్కు కింద పెట్టింది. ముద్ద పైన అట్ట కట్టేసి ఉంది. "చెంచాతో నువ్వు నొక్కిన అచ్చు నొక్కినట్టే ఉంది. ఎక్కడైనా నాలిక పడిన గుర్తుందా? తడి ఆరితే బరువు తగ్గదట్రా? ఉతికిన దుప్పటి ఆరాక తేలికవదూ? ఇన్ని తూచినవాడివి, పిల్లిని తూచావా?"

తూచలేదు. అప్పుడు తూచాడు. డాక్టరమ్మ దగ్గర నాలుగు కిలోలున్నది ఇప్పుడు మూడు కిలోల ఆరువందలు. తన చేత్తోనే దాన్ని మాడ్చానని మొదటిసారి తెలిసొచ్చింది. అక్కని వెంటబెట్టుకుని పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"నాలుగు రోజులా?" డాక్టరమ్మ పిల్లి కనురెప్ప ఎత్తి చూసింది. "పిల్లి ఇన్నాళ్లు తినకపోతే కాలేయం పాడవుతుందండీ. కామెర్లు అప్పుడే మొదలయ్యాయి. సూది వేశాను, సెలైన్ ఎక్కించాను. సాయంత్రం ఆరులోగా అది తినాలి. తినకపోతే తిండి ఎక్కించడానికి గొట్టం వేయాల్సిందే. ఈ వయసులో తట్టుకుంటుందని మాత్రం మాటివ్వలేను."

పిల్లిని ఇంటికి తీసుకెళ్లమని అక్కకి అప్పగించి పాత బిస్కెట్ల కోసం పరిగెత్తాడు. మూడు దుకాణాల్లో లేవు. నాలుగోచోట దొరికాయి. ఇంటికొచ్చి, గుప్పెడు తీసి గ్లాసుతో నలిపి, కొత్త ముద్దలో కలిపాడు. ఎంత వేశాడో ఆయనకే తెలియదు.

అయిదుంబావు. నేల మీద బోర్లా పడుకుని, వేలికి ముద్ద రాసి మంచం కిందకి చాచాడు. మిరియం మొహం తిప్పుకుంది. అయిదున్నర. మళ్లీ చాచాడు. కళ్లయినా తెరవలేదు.

"నా బుద్ధి గడ్డి తిన్నదే తల్లీ" అన్నాడు. "నామీద కోపం నామీద చూపించు. తిండి మీద వద్దు."

అక్క గుమ్మంలో నిలబడి గడియారం చూస్తోంది. ఆరుకి పది నిమిషాలుందనగా ముక్కు కాస్త కదిలింది. గరుకు నాలిక వేలికొసను ఒకసారి రాసుకుంది. ఇంకోసారి. తర్వాత ముందుకాళ్ల మీద లేచి, తూలుతూ, గిన్నెలో మూతి పెట్టింది.

ఫోను మోగింది. డాక్టరమ్మ.

"తిన్నదాండీ?"

"తింటోందండీ."

"ఎన్ని గ్రాములు తిన్నది?"

కాటా చేతికందే దూరంలోనే ఉంది. గిన్నె తీయాలంటే మిరియం మూతి తప్పించాలి.

"తూచలేదండీ. నములుతోంది. చూస్తున్నాను" అన్నాడు. ఫోను అక్క చేతికిచ్చాడు.