మీటింగులో పోయిన పాలు

ప్రసూతి సెలవు ముగిసి మహదేవపురలోని ఆఫీసులో మళ్లీ చేరిన కొత్తలో జరిగిందిది. పాపకు అయిదో నెల. రోజూ మధ్యాహ్నం ఆఫీసులో పాలిచ్చే తల్లుల కోసం ఉంచిన గదిలో కూర్చుని పాలు పిండి, సీసాలో ఇంటికి తీసుకెళ్లేదాన్ని. మర్నాడు నేను ఆఫీసులో ఉన్నంతసేపూ పాపకు అవే ఆధారం.

ఆ రోజు సరిగ్గా ఆ వేళకే మేనేజర్ మీటింగు పెట్టారు. మేం తయారుచేస్తున్న యాప్‌లో, స్క్రీన్ మీద ఒక బటన్ ఎక్కడ ఉండాలన్నది చర్చ. ఎవరి వాదన వాళ్లదే. నా రొమ్ములు గట్టిపడి సలపడం మొదలైంది. లేచి నిలబడ్డాను.

"ఫైవ్ మినిట్స్ అంతే, కూర్చోండి" అన్నారాయన.

అందరూ మగవాళ్లే. కారణం చెప్పలేక కూర్చున్నాను. గంట దాటింది. కుర్తా ముందంతా పాలతో తడిసిపోయింది. లాప్‌టాప్ ఎదకు అడ్డం పెట్టుకున్నాను. ఎదురుగా ఉన్నతను చూసి తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి మేనేజర్, "ఇది సోమవారం మళ్లీ మాట్లాడుకుందాం" అని లేచారు. ఆ రోజు ఇక పాలు పిండుకునే వీలు చిక్కలేదు.

ఇంట్లో పాపను చూసుకునే మునెమ్మ ఖాళీ సీసా చూసి, "రేపు బిడ్డకు ఏం పట్టేదమ్మా?" అంది.

తర్వాతా అలాంటి మీటింగులే. వేళకు పిండడం కుదరక నాకు పాలు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయాయి. డబ్బా పాలు కలిపి పట్టిన మొదటిరోజు, పాప ముఖం తిప్పుకుని నా ఎదను తడుముకుంది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. ఆ మీటింగులో కూర్చున్న వాళ్లెవరికీ ఆ మధ్యాహ్నం గుర్తుండి ఉండదు. నేను మాత్రం మర్చిపోలేకపోతున్నాను.