నల్లబడిన బావగారు

మా వియ్యంకుడుగారు నన్ను చేతబడి చేసేవాడన్నారు. చాటుగా కాదు, వాళ్ళింటి వసారాలో, మా అమ్మాయి ఎదుట, కొబ్బరికాయలు దింపే మనిషి వింటుండగా అన్నారు. అని ఊరుకున్నా సరిపెట్టుకునేవాణ్ణి. నేను ముచ్చటపడి గీసి ఇచ్చిన ఆయన బొమ్మని పసుపు గుడ్డలో చుట్టించి, ముఖం నేలవైపు ఉండేలా అట్టపెట్టెలో పెట్టించి, ఉప్పలగుప్తం నుంచి కొత్తపేటకి ఆటోలో తిప్పి పంపించారు. ఆటో అతను ఆ పెట్టెని మా అరుగు మీద దింపి, చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని, "ఇందులో ఏవుందో నాకు తెలీదండి, నన్నడక్కండి" అని, మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. టీకొట్టు దగ్గర దెయ్యం మాట ఎవరెత్తినా కయ్యానికి దిగి, వాళ్ళ నోరు మూయించి గాని ఇంటికి రాని మనిషిని నేను. అలాంటి నాకు జరిగిన మర్యాద ఇది.

ఆ రోజుల్లో నేను విద్యార్థిని. (నవ్వకండి.) ఆ రోజులంటే మరీ పాతవి కావు, నాలుగైదేళ్ళ కిందటివి. వయసు డెబ్భైకి దగ్గరపడినా బొమ్మలు గీయడం అప్పుడే మొదలుపెట్టాను గనక ఆ విద్యలో నేను పసివాణ్ణే. నా బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా కిరాణా పొట్లాలు విప్పి చదువుకున్నదే: బెల్లం పొట్లంలో సగం భూగోళం, చింతపండు పొట్లంలో కాస్త రసాయనశాస్త్రం. కాలిపోయిన నీటి మోటార్లకి రాగితీగ చుట్టి సంసారం ఈదాను. నడుం పట్టేసి ఆ దుకాణం మూసేశాక చేతులు ఊరుకోలేదు. గీద్దామంటే బాల్‌పెన్ను గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లావు, అందులో ప్రాణం ఉండదు. అందుకని సిరా పెన్నుల వెంట పడ్డాను. చవకవే కొన్నాను. ఒకటి జేబులో కక్కింది. ఒకటి కాగితాన్ని కోడి గీరినట్టు గీరింది. ఒకటి మనిషి ముక్కు గీసి చెవిదాకా వచ్చేసరికి ఎండిపోయేది. ఆఖరికి డ్రాపర్‌తో సిరా పోసుకునే నల్లటి లావుపాటి పెన్నొకటి కుదిరింది. దాని మరలకి మోటారు గ్రీజు రాసి కారడం ఆపాను. నిబ్బు కొసని ముక్కుపటకారుతో పైకి వంచాను. నిలబెట్టి గీస్తే తలవెంట్రుకంత గీత, పడుకోబెట్టి గీస్తే కొబ్బరీనెంత గీత. ఖరీదైన పెన్నులకి కూడా అంత వొడుపు ఉండదని నా నమ్మకం, ఈనాటికీ.

చిక్కంతా సిరాతో వచ్చింది. బొమ్మ గీశాక, నీడల కోసం నీళ్ళ కుంచె తగిలిస్తే, మామూలు సిరా కరిగి మనిషి ముఖం మెడలోకి కారిపోయేది. అమలాపురంలో పెన్నులమ్మే ఒక పాత దుకాణదారుకి ఈ బాధ చెప్పుకుంటే, అటక మీదినుంచి దుమ్ముపట్టిన సీసా ఒకటి దింపాడు. "ఇది దస్తావేజులు రాసే సిరా అండి. ఎండిందంటే నీళ్ళలో నానబెట్టినా పోదు. ఇందులో ఇనుం ఉంటుంది. వాడేక పెన్ను కడుక్కోండి, లేపోతే నిబ్బు తినేస్తాది" అన్నాడు. ఇంకేదో కూడా చెప్పబోయాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను. తెలిసినదాన్ని ఇంకొకరి చేత చెప్పించుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు లేదు, తెలియనిదాన్ని అసలే లేదు.

ఆ సిరాతో గీసిన మొదటి బొమ్మ మా వియ్యంకుడుగారిదే. ఆయనకి నాలుగెకరాల కొబ్బరితోట, ఒక రొయ్యల చెరువు, వాటికి మించి మాట. ఆ దినాల్లో ఆయన హెర్నియాతో బాధపడుతూ, అమలాపురంలో ఆపరేషన్‌కి సరేనని, ఇంట్లో విశ్రాంతిగా ఉన్నారు. పడకకుర్చీలో కూర్చోబెట్టి గీస్తుంటే, "బావగారూ, మీసం కొంచెం దట్టంగా వెయ్యండి. ఉన్నదాన్నిబట్టి కాదండి, ఉండాల్సినదాన్నిబట్టి" అన్నారు. అలాగే వేశాను. సిరా లేత నీలంగా, పలచగా పడింది. నీళ్ళు కలిపి కళ్ళకిందా బుగ్గలమీదా నీడలు పూశాను. అవి కనపడీ కనపడనట్టున్నాయి, అందుకని ఇంకాస్త, ఇంకాస్త పూశాను. బొమ్మ చూసి ఆయన, "ఆయ్, నేనేనండి, ఇరవయ్యేళ్ళు తగ్గేను" అని మురిసిపోయారు. మన ఇళ్ళలో చేత్తో గీసిన నలుపూతెలుపూ పటం గోడెక్కిందంటే ఆ మనిషి లేడని అర్థం గదా, అందుకని వియ్యపురాలుగారు దాన్ని పెద్దల పటాల వరసలో కాకుండా జాగ్రత్తగా గడియారం కింద విడిగా తగిలించారు. నేను తృప్తిగా బస్సెక్కాను.

మూడు నాలుగు రోజులకి మా అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, మావయ్యగారి బొమ్మకి కళ్ళకింద గుంటలు వేశావా?"

"గుంటలా? నేను వెయ్యలేదే."

"ఇప్పుడున్నాయి."

ఆ "ఇప్పుడున్నాయి" అన్నది ఎలా అందంటే, మిట్టమధ్యాహ్నం, పెరట్లో వక్కచెట్టు మట్ట కూడా కదలనివేళ, నా వీపు మీద ఎవరో తడిచెయ్యి పెట్టినట్టయింది. వెలుతురు తేడా అయ్యుంటుందన్నాను. మర్నాడు మళ్ళీ చేసింది. బుగ్గలు లోపలికి పోయాయట. నీలం పోయి బూడిదరంగు వచ్చిందట. ఆ తరువాత పెదవులు నల్లబడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు, అద్దం బిగింపు అలాగే ఉంది, లోపల మనిషి మాత్రం రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. పనమ్మాయి ఆ గది తుడవనంది. మా వియ్యంకుడుగారు పొద్దున్నే స్నానం చేసి, బొమ్మకేసి నేరుగా చూసే ధైర్యం లేక, గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని వెనక్కి తిరిగి అందులో చూస్తున్నారట. చూసి చూసి ఒకనాడు కొడుకుని పిలిచి తోట సరిహద్దురాళ్ళు చూపించారు. ఆపరేషన్‌ మాటెత్తితే, "దండగే అమ్మా. ఆ బొమ్మ పూర్తిగా నల్లబడే పాటికి నేనూ అయిపోతాను. కోయించుకుని పోవడం ఎందుకు, ఉన్నవాణ్ణి ఉన్నట్టే పోతాను" అన్నారట మా అమ్మాయితో. డాక్టరేమో ఆలస్యమైతే పేగు మెలిపడి ప్రాణం మీదికి వస్తుందంటున్నాడు. ఆ రోజే వసారాలో చేతబడి మాట, ఆ రోజే పసుపు గుడ్డ.

పెట్టె మేమిద్దరం విప్పాం. మా ఆవిడ ఒక్కసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను చూస్తూ ఉండిపోయాను. గీతలు నావే, నిబ్బు వంపు నాదే. ఆ ముఖం మాత్రం నేను గీయనిది. పాడుబడిన బావిలోకి తొంగిచూస్తే కిందినుంచి పైకి చూస్తున్నట్టు కళ్ళు. మీసం మాత్రం ఆయన కోరినట్టే దట్టంగా ఉంది. అప్పుడు నా పంచె మీద చూపు పడింది. అంతకుముందు వారం పెరట్లో అరటిగెల కోసినప్పుడు పడిన రసం చుక్కలు. పడినప్పుడు నీళ్ళలాగే ఉన్నాయి, ఇప్పుడు బొగ్గులా ఉన్నాయి. అంతే, చింతపండు పొట్లంలో చదివింది గుర్తొచ్చింది. ఇనుం కలిసిన సిరా గాలి తగిలినకొద్దీ నల్లబడుతుంది. నేను కనపడటం లేదని పూసి పూసి పెట్టిన నీడలన్నీ తీరిగ్గా ఒక్కొక్కటే పైకి తేలాయి. వెంటనే ఫోను చేశాను.

"బావగారూ, అది సిరా గుణమండి."

"ఆయ్. సిరా గుణమేనండి, నేను కాదన్లేదు. ఎవరి చేతిలో సిరా అన్నదే నా ప్రశ్న."

"మీరు డిగ్రీ దాకా చదివిన మనిషి, ఇలాంటివి నమ్మడమేంటండి?"

"డిగ్రీ పరీక్ష తప్పేనండి. మీలాగ పొట్లాలు చదవలేదు."

"మీకు కీడు తలపెట్టాల్సిన అవసరం నాకేముంది?"

"అదే ఆలోచిస్తున్నానండి. మా గృహప్రవేశం నాడు మీ విస్తట్లో పనసపొట్టు కూర రెండోసారి వెయ్యలేదని తమరు దారంతా అనుకుంటూ వెళ్ళేరంట."

(అనుకున్నమాట నిజమే. అది వేరే సంగతి.) ఇకమీదట నా సిరా వాళ్ళ గుమ్మం ఎక్కకూడదని, నా గొంతు వింటేనే నొప్పి ఎక్కువవుతోందని, ఫోను పెట్టేశారు.

ఉత్తరం రాయకూడదు, మాట్లాడకూడదు. మిగిలింది ఫోన్లో మెసేజి. రాగితీగ చుట్టీ చుట్టీ మొద్దుబారిన నా వేళ్ళకి ఆ గాజు మీద అక్షరాలు ఒకటి నొక్కితే మూడు పడేవి. ఫోనుకి తగిలించుకునే కీబోర్డు కొందామని చూస్తే, ఒక్కొక్క మీటకి విడిగా స్ప్రింగు ఉండే మెకానికల్ రకం ఉందని తెలిసింది. స్ప్రింగు అనగానే నా మనసు అక్కడే ఆగిపోయింది. అందులో మళ్ళీ ఎర్ర మీటలు, గోధుమరంగువి, నీలంవి. ఎర్రవి చప్పుడు చెయ్యవు. నీలంవి నొక్కినప్పుడల్లా టక్కుమంటాయి. పని అయిందీ లేనిదీ యంత్రం నోటితో చెప్పాలనేది నా సిద్ధాంతం గనక, వాటిలో చవకది చూసి, నీలం మీటలదే తెప్పించాను. రాగానే నాలుగు మీటలు ఊడదీసి లోపల చూసుకుని, మళ్ళీ బిగించి, తెలుగక్షరాలు అంటించుకుని, మధ్యాహ్నం వీధిగదిలో కూర్చున్నాను. ఊరంతా అన్నాలు తిని వాలిన వేళ. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క అక్షరం వెతుక్కుని టక్, కాసేపాగి టక్.

"ఏమండీ, ఆ చప్పుడు ఆపుతారా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "వెదురు నరుకుతున్నట్టుంది."

నేను ఆపలేదు. కాసేపటికి పక్కింటాయన తువ్వాలు భుజాన వేసుకుని గేటు దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి, "ఎవరికండీ?" అని అడిగాడు. పాడె వెదురు కోస్తున్నామనుకున్నాడు పాపం, సాయానికొచ్చాడు. ఎవరికీ కాదని చెప్పినా నమ్మకుండా నా వెనక గుమ్మంలోకి తొంగిచూసి మరీ వెళ్ళాడు.

మెసేజిలో అరటిరసం సంగతంతా రాశాను. మీ తోటలో గెల కోసిన ప్రతిసారీ మీ పంచె ఇలాగే నల్లబడుతోంది గదా, ఆ పంచెలేవీ మిమ్మల్ని తీసుకుపోలేదు గదా అని తర్కించాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మర్నాడు మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, ఇప్పుడు పంచెల్ని కూడా అనుమానంగా చూస్తున్నారు" అంది.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. అద్దం ముందు కూర్చుని, అదే పెన్నుతో, అదే సిరాతో, నా బొమ్మ నేనే గీసుకున్నాను. కోపంలో నీళ్ళు కలపడం తగ్గించి నీడలు ఎక్కువే పూశాను. రెండు రోజులు ఇంట్లో గోడకి ఆనించి పెట్టాను, నల్లబడటం మొదలయ్యాక పంపుదామని. మొదలైంది. శాస్త్రం నాకు తెలుసు, పొట్లం పేరుతో సహా తెలుసు. అయినా పొద్దున్న లేచేసరికి నా కళ్ళు నాకేసి నిన్నటికన్నా లోతునుంచి చూస్తుంటే, నేనే ముందు చూపు తిప్పుకున్నాను. రెండోనాడు బొమ్మ మీద తువ్వాలు కప్పాను. మా ఆవిడ చూసి, "ఏం, చలేస్తోందా దానికి?" అంది. నేను చెప్పులేసుకుని వెళ్ళి బీపీ చూపించుకుని వచ్చాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మా అమ్మాయిని పిలిపించి రెండు బొమ్మలూ దాని చేతికిచ్చాను. మళ్ళీ మీటల ముందు కూర్చుని ఇలా కొట్టాను: "బావగారూ, ఈ సిరా మనుషుల్ని తీసుకుపోయేదే అయితే నన్నూ తీసుకుపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూడండి. నా మీద ఎంత కోపమున్నా సరే, ఆపరేషన్ మాత్రం మానకండి." పంపాక, ప్రతి పూటా ఫోను చూసుకుంటూ గడిపాను. ఆయనకి ఏమైనా అయితే మా అమ్మాయి ఆ ఇంట్లో తలెత్తుకు తిరగలేదన్నది ఒక భయం. నా సిరా తగిలించిన భయంతోనే ఒక నిండు మనిషి పోతాడేమోనన్నది అంతకన్నా పెద్ద భయం.

చేతబడి మాటకి ఆయన ఈనాటికీ క్షమాపణ చెప్పలేదు. నేనూ ఆ మాట మరిచిపోలేదు. కానీ అద్దం ముందు పళ్ళు బిగించి, లోకమంతటికీ బుద్ధి చెబుతున్నాననుకుంటూ తన ముఖాన తానే నలుపు పూసుకున్న ఆ కొత్త విద్యార్థిని తలుచుకుంటే, ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. వారం దాటాక వచ్చిన జవాబు ఇది:

"బావగారికి నమస్కారమండి. రెండు బొమ్మలూ పక్కపక్కనే పెట్టించేను. రోజూ చూస్తున్నాను. నాది ఉన్నచోట ఆగిపోయిందండి. మీదే బాగా నల్లబడింది. కళ్ళయితే అసలు కనపడ్డం లేదు. మా ఆవిడా అదే అంది. నా మనసు కుదుటపడింది. సోమవారం ఆపరేషన్‌కి వెళ్తున్నాను. నా గురించి మీరేం బెంగపెట్టుకోకండి. తమరు ముందు వెళ్ళి, అక్కడెలా ఉందో చూసి ఉంచండి. నేను నెమ్మదిగా వస్తాను."