ఉప్పుగంజి ఒప్పజెప్పిన రోజు

ఇవాళ పొద్దున్న మా ఆవిడ అన్నం వార్చి, వేడి గంజిలో ఉప్పురాయి వేసి నా చేతికిచ్చింది. ఆ ఆవిరి తగలగానే చీపురుపల్లిలో డాక్టరమ్మ ఆస్పత్రి, మందులిచ్చే నా కిటికీ, దాని ముందు గోల, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. మందు ఎలా వాడాలో కొన్నవాళ్ల చేత తిరిగి చెప్పించుకోందే నా మందుల దుకాణం మెట్టు దిగనివ్వనని ఊళ్లో నాకు మంచి పేరుంది. ఆ పేరు నాది కాదు, ఆ డాక్టరమ్మ సుభద్రమ్మగారిది. ఇన్నేళ్లూ ఆ మాట చెప్పకుండా మెప్పంతా నేనే అనుభవించాను.

అరవైల చివర్లో ఆవిడ దగ్గర కంపౌండరుగా చేరాను. మందు సీసాకు మోతాదు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం అంటించి, "పూటకొక గాటు" అని గబగబా చెప్పి పంపేయడమే పనితనమనుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం ఒక్కొక్కరినీ ఆపి, "ఇంటికెళ్లి ఏం చేస్తావో చెప్పు" అనేది. సంతనాడు వరుస రోడ్డెక్కేది. "డాక్టరమ్మ బడి పెట్టింది" అని చాటుగా నవ్విన మొదటివాణ్ణి నేనే.

ఒకనాడు పైడమ్మ అనే ముసలమ్మ విరేచనాలతో వేలాడిపోతున్న మనవణ్ణి భుజాన వేసుకొచ్చింది. డాక్టరమ్మ మందు రాసి, ఉప్పుగంజి పట్టమంది. నేను సీసా ఇస్తూ అదే మాట మళ్లీ చెప్పాను. "అలాగే బాబూ" అని తలూపి కదిలింది. డాక్టరమ్మ వెనక్కి పిలిచింది.

"పైడమ్మా, ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

"ఏటుంది తల్లీ, మందు పట్టేత్తాను. గంజీ నీళ్లూ సుక్క ముట్టనివ్వను. పోసిందల్లా పోతాది కదేటి!"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. డాక్టరమ్మ కోప్పడలేదు. వచ్చి పైడమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"నీ మడికి గండి పడిందనుకో. నీరు పోతోందని పెట్టడం మానేస్తావా?"

"మానేత్తే వరి సచ్చిపోదేటి? గండి పూడ్సుకుంటూనే నీరెడతాను." అంటూనే పైడమ్మ ఆగి, మనవడి మొహం చూసింది. "అయితే గండికి సీసా, మడికి గంజీనా?"

"అంతే. గుక్కెడు గుక్కెడుగా."

వరుసంతా గొల్లున నవ్వింది. పైడమ్మ కూడా నవ్వింది.

మరుసటి సంతకు ఆ మనవడు చంక దిగి నా కాగితం ముక్కలన్నీ చెల్లాచెదురు చేశాడు. ఇక పైడమ్మే వరుసకు పెద్ద. "ఒసే, గంగిరెద్దులాగ తలూపేత్తావేటి? సెప్పు ముందు!" అని అందరినీ అదిలించేది.

ఆ వానాకాలం డాక్టరమ్మకే విరేచనాలు పట్టుకున్నాయి. పైడమ్మ చెంబుతో గంజి తెచ్చి, "ఎలా తాగుతావో ఒప్పజెప్పు తల్లీ" అంది. డాక్టరమ్మ బడిపిల్లలా చేతులు కట్టుకుని, "గుక్కెడు గుక్కెడుగా, పైడమ్మా" అంది. ఆస్పత్రంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టినవాణ్ణి నేనే.

ఇవాళ దుకాణంలో ఒక కుర్రాడు పొట్లం అందుకుని, "అలాగే" అని కదిలాడు. పిలిచి, వాడకం చెప్పమన్నాను.

"నీ సాదస్తం పోదు కదా, కంపౌండరు బాబూ!"

"నాది కాదురా, సుభద్రమ్మగారిది."

"ఆవిడెవులు?"

కూర్చోబెట్టి గంజి దగ్గర్నుంచీ అంతా చెప్పాను. మందు సంగతితో పాటు ఆవిడ పేరు కూడా వాడి చేత చెప్పించుకునే పంపాను.